ఆదోని దిక్కు స్తంభం

పోయిన వారం ఒకనాడు తెల్లవారేసరికి ఆదోని నుంచి ఫోను వచ్చింది. మా వదిన పోయింది. సంతాప సభలో మా ఎమ్మిగనూరు ఖోఖో కోచ్ మైకు పట్టుకొని, మా మనవరాలిని దారిలో పెట్టిన పద్ధతి తానే కనిపెట్టానని చెప్పుకున్నాడు. శవం లేచిన ఇంట్లో గొడవెందుకని ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

మా మనవరాలికి అక్షరాలు తారుమారవుతాయి. ఎడమ, కుడి వెంటనే తోచవు. కాళ్లు మాత్రం మెరుపు. ఖోఖోలో తరిమే మనిషి ఒక స్తంభం వైపు తిరిగితే, దాన్ని చేరేదాకా వెనక్కి మళ్లకూడదు. కోచ్ "లెఫ్ట్" అని అరిచేవాడు, పిల్ల కుడికి తిరిగేది. "మొద్దుది. టీములోంచి తీసేస్తాండాను" అన్నాడు. డిస్లెక్సియా మీద మంచి పుస్తకం తీసుకుపోయి ఇచ్చాను. దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు.

సంగతి విని వదిన మరుసటి రోజే బస్సు దిగింది. రిటైరైన లెక్కల టీచరు. చంకలో గొడుగు, కొంగున వేయించిన శనగలు, ఎక్కడికి పోయినా అవే. కోచ్ చేతిలో గుప్పెడు పోసింది.

"తిను అప్పా. బస్టాండుకు ఎట్ల పోవాల?"

"ఈ రోడ్డుమింద ఆదోని దిక్కు పోండి మేడం."

"ఎడమ, కుడి అనలేదే?"

"మనూర్లో అట్లెవురంటారు?"

"మరి పిల్లకెందుకంటాండావు? వరసలో ఒకరు ఇట్ల, ఒకరు అట్ల తిరిగి కూసుంటారు. ఒకరి ఎడమ ఇంకొకరికి కుడి. అది తేల్చుకునేలోగా ఆట అయిపోతాది. తెలివిలేక కాదప్పా, దాని బుర్ర నడిచే దోవ వేరు. ఆ దోవన నువ్వు పోవాల."

గొడుగు కొనతో పడమటి స్తంభాన్ని తట్టింది. "ఇది ఆదోని." తూర్పుదాన్ని తట్టింది. "ఇది కర్నూలు." బోర్డు మీద బాణాలు గీసి ఆట చెప్పడం మాన్పించి, ప్రతి ఎత్తునూ పిల్లతో ఒకసారి నడిపించమంది. కోచ్ నవ్వాడు. సాయంత్రం ఆట చూశాక నవ్వలేదు. పిల్ల పేరు టీములోనే ఉంది.

జిల్లా పోటీల ఫైనల్ కర్నూలులోనే పడింది. ఆటకు ముందు మనవరాలు రెండు స్తంభాలనూ అరచేత్తో తాకి పేర్లు పెట్టుకుంది. కర్నూలులో నిలబడి "కర్నూలుకు పో!" అని కోచ్ కేకలేస్తుంటే జనం ఒకటే నవ్వు. అవతలి జట్టుకు ముక్క అర్థం కాలేదు. ఆఖరి మనిషిని పట్టింది ఆ మొద్దే. గెలిచాం! కప్పు తెచ్చి చేతిలో పెడితే వదిన, "పిల్ల మొగం వాడింది, ముందు శనగలియ్యండి" అంది.

నిన్న ఎండ దిగే వేళ గ్రౌండుకు పోయాను. మనవరాలు చిన్నపిల్లల చేత స్తంభాలను తాకిస్తోంది. కోచ్ గొంతు చించుకుంటున్నాడు. "ఆదోని దిక్కు పో తల్లీ, ఆదోని దిక్కు!"

దుమ్ము రేపుకుంటూ పిల్లలంతా అటే పరుగెత్తారు.