కాస్త పక్కకు జరగండి

తెనాలి కాలువలో చెత్త గురించి పత్రికలో ఎన్నిసార్లు రాశానో గుర్తులేదు. ఆ ఉదయం మాత్రం ఆ కాలువ మీదే నిలబడ్డాను. కాళ్ల కింద నీళ్లమీద తేలే, గాలి నింపిన పలక, ప్యాడిల్‌బోర్డు; చేతిలో తెడ్డు, వెనక చెత్త సంచీ. వంతెన కింద తూముకు కవర్లు అడ్డంపడి, దిగువన నగరం మండలానికి నీళ్లు సరిగా వెళ్లడం లేదు. అక్కడ మా తమ్ముడి నారుమడి ఎండిపోతోంది. తెల్లవారినప్పటి నుంచి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.

కొన్ని కవర్లు లాగేసరికి వంతెన మీద నుంచి ఒకావిడ పిలిచింది.

“బాబాయ్, కాస్త పక్కకు జరగండి. మీ మీద పడుద్ది!”

ఆమె చేతిలో ముడివేసిన కవరు, లోపల పూజ చేసిన పూలు.

“ఇలాంటి కవర్లు ఎత్తడానికేనమ్మా నేనొచ్చింది.”

“దేవుడి పూలండీ. చెత్తబుట్టలో ఎట్టా వేస్తాం?”

“పూలు నీళ్లలో వదులు. కవరు ఇంటికి తీసుకెళ్లు.”

“ఈ వయసులో ఈ సర్కస్ ఏంటండీ!” అంటూనే ముడి విప్పింది.

బంతిపూలు తూము ఊచల సందుల్లోంచి జారి దిగువకు వెళ్లాయి. నడుముకు కట్టుకున్న ఫోను మళ్లీ మోగింది, తమ్ముడే. “నీళ్లొస్తున్నాయిరా” అని చెప్పబోతుంటే వంతెన మీద స్కూటరు ఆగింది. దాని హ్యాండిల్‌కు ఇంకో కవరు.