ఒట్టి చేతులతో లాకుల దాకా

గుండె ఆపరేషనై మూడు నెలలైనా మా అక్క నడవడం మొదలుపెట్టలేదని అనుమానం వచ్చి, రెండు రోజులు సెలవు పెట్టి ఆత్రేయపురం బయలుదేరాను. రోజూ అరగంట నడవకపోతే మళ్ళీ ప్రమాదమని డాక్టరు గట్టిగానే చెప్పారు. ఫోన్లో అడిగితే "నడుస్తున్నానురా బాబూ" అనేది. అబద్ధమాడితే అక్క గొంతు సన్నబడుతుంది, అది నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. రాజమండ్రిలో ఏడింటికి బస్సెక్కితే ధవళేశ్వరం బ్యారేజీ దాటి, కాలవ పక్కనుంచి గంటలో దింపేశాడు. టికెట్టు అప్పట్లో పదిహేను రూపాయల లోపే.

సాయంత్రం ఐదింటికి అక్క నడకకు సిద్ధమైంది, చేతిలో పూతరేకుల డబ్బాతో. అదెందుకే అన్నాను. "ఒట్టి చేతులతో రోడ్డెక్కితే పనీపాటా లేదనుకోరూ?" అంది. మా వైపు ఎదురైన ప్రతివారూ ఎక్కడికని అడుగుతారు. జవాబుండాలి కదా! వంద గజాలు వెళ్ళామో లేదో, పక్కవీధి రాజుగారు స్కూటరు ఆపారు.

"ఎక్కడికండి అక్కగారూ?"

"టీచరుగారింటికండి, రేకులిచ్చొద్దామనీ."

"ఆపరేషనయిన మనిషి, నడవడమేంటండి? ఎక్కండెక్కండి!"

ఎక్కేసింది. నేను వెనకాల నడిచి వెళ్ళేసరికి కాఫీ తాగుతోంది. తిరిగి టీచరుగారే బండిమీద దింపారు. రోజూ ఇదే తంతట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్కకు ఒక చైనా మాట చెప్పాను. కంపెనీ ట్రైనింగుకని అక్కడ ఆరు నెలలున్నప్పుడు, మా క్యాంటీన్ వంటావిడ తిన్నాక "సాన్‌బూ" అంటూ బయటికి వెళ్ళేది. సాన్ అంటే చెదిరిన, బూ అంటే అడుగు. బజారుకో ఆఫీసుకో నడిచి వెళితే ఆ మాట వాడరు. తొందర లేకుండా, హాయిగా నాలుగడుగులు వేస్తేనే సాన్‌బూ.

"ఆవిడ చేతిలో ఏముండేదిరా?"

"ఏమీ లేదు. చేతులు వెనక్కి కట్టుకుని నడిచేది."

"నాకు భయంరా తమ్ముడూ. ఎవరింటికో వెళ్తూ పడిపోతే పాపం అంటారు. ఊరికే తిరుగుతూ పడిపోతే ఏమంటారు?"

చావుకి కూడా ఒక పని చూపించాలనుకుంటోంది, పిచ్చి అక్క.

మర్నాడు డబ్బా ఇంట్లోనే ఉంది. మళ్ళీ రాజుగారే ఎదురయ్యారు. ఎక్కడికండి అనగానే అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఎక్కడికీ కాదండి. నడుస్తున్నాను."

ఆయన ఒక్క క్షణం చూసి, "మంచిదండి" అని వెళ్ళిపోయారు. అక్క నా చెయ్యి వదిలేసి, రెండు చేతులూ మెల్లగా వెనక్కి కట్టుకుంది. కాలవ మీద నీళ్ళు వదిలే లాకుల దాకా వెళ్ళి వచ్చాం. దారిలో కొంగల్ని చూసింది, ఎవరి అరటితోటో బాగా కాసిందంది. నాకు కళ్ళు చెమర్చాయి.

ఎన్నో ఊళ్ళు తిరిగాను గానీ, ఆ అరగంట కంటే దూరం ఎప్పుడూ వెళ్ళలేదనిపిస్తుంది. ఆత్రేయపురం వెళ్ళేవారికి ఒక్క మాట: రేకులు పొద్దున్నే కొనుక్కోండి, తాజాగా ఉంటాయి. సాయంత్రం ఐదింటికి కాలవగట్టు మీద చేతులు వెనక్కి కట్టుకుని ఒకావిడ ఎదురైతే మాత్రం, దయచేసి ఎక్కడికని అడక్కండి. దారివ్వండి, చాలు.