మూడో చరణంలో పడిపోయే కెరోలిన్

కంటోన్మెంట్ చర్చిలో పాస్టరుగారి ప్రసంగం మొదలైతే సగం తలలు వాలిపోతాయి. అది జబ్బు కాదు, అలవాటు. కెరోలిన్ మాత్రం ప్రసంగమంతా కళ్లు విప్పార్చుకొని వింటుంది. ఆమె పడిపోయేది అందరూ లేచి నిలబడి పాడే పాటల్లో. అదీ మొదటి చరణంలో కాదు, రెండోదాంట్లో కాదు. మూడో చరణం అందుకునేసరికి చెవుల్లో జోరీగలు మోగుతాయి, ముందు వరుస పూలచీరల రంగులన్నీ వెలిసిపోతాయి, ఆ తర్వాత ఆమె బెంచీల మధ్య నేల మీద ఉంటుంది. భర్త ఆల్విన్ ఆమెను పట్టుకోవడంలో ఎంత ఆరితేరాడంటే, ఒక చేత్తో భార్యను ఆపి, రెండో చేతిలోని పాటల పుస్తకం మూయకుండానే చరణం పూర్తి చేస్తాడని సంఘంలో చెప్పుకుంటారు.

సంఘంలో వైద్యులకూ కొదవ లేదు. ఒంట్లో రక్తం లేదు, బీట్‌రూట్ రసం తాగించమన్నవారు కొందరు. కడుపుతో ఉందేమోనని ప్రతి ఆదివారం కొత్తగా ఆశపడేవారు కొందరు. ఎండ దెబ్బ అన్నవాళ్లకు బళ్లారిలో ఎప్పుడూ తిరుగులేదు.

పడిపోవడమంటే ఆదివారాల సంగతి. నొప్పులకు వారం లేదు. మోకాళ్లు, మణికట్లు, భుజాలు వంతులు వేసుకొని నొచ్చేవి. చీపురు పట్టుకుంటే మణికట్టు పక్కకు జారినట్టుండేది. బ్రూస్‌పేట దగ్గరి ఒక బడిలో నాలుగో తరగతికి ఆమె టీచరు. బోర్డు మీద రెండు లెక్కలు వేస్తే చెయ్యి మూడో లెక్కకు లేచేది కాదు. అప్పుడు బొటనవేలిని వెనక్కి వంచి ముంజేతికి ఆనించేది. పిల్లలు కేకలు పెట్టి నవ్వేవారు. ఆ సందట్లో చేతికి కాస్త విశ్రాంతి దొరికేది.

ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందు మంచం మీద పడుకోబెట్టేవారు. పడిపోయే మనిషిని పట్టుకొని నిలబెట్టేంత కఠినులు ఈ ఊళ్లో లేరు. బీపీ చూసేవారు, బాగుండేది. ఎక్స్‌రే తీసేవారు, ఎముకలు భేషుగ్గా ఉండేవి. "అంతా నార్మల్" అని పంపించేవారు. ఇంటికొస్తే అత్త సౌభాగ్యమ్మ ఇంకో వైద్యం మొదలుపెట్టింది. వాళ్లింట్లో బీపీ చూపించుకున్న వాళ్లందరూ ఉప్పు మానేసినవాళ్లే. చూపించుకుంటే చాలు, ఎంతుందన్న దానితో పని లేదు. అలా ఏడాదిగా కెరోలిన్ చప్పిడి కూడు తింటోంది. పడిపోవడం తగ్గకపోగా బడిలో పొద్దుటి అసెంబ్లీలో కూడా మొదలైంది.

దాంతో హెడ్ మిస్ ఆమెను గదిలోకి పిలిచింది.

"చూడు కెరోలిన్, నువ్వు పడితే పిల్లోళ్లు బెదురుకుంటాండారు. ఏం జబ్బో చెప్పించుకొని రామ్మా. ఏమీ లేదంటాండారు, నువ్వు చూస్తే పడతాండావు. జూన్‌లో నీకు క్లాసు ఎట్ల ఇచ్చేది?"

స్టాఫ్ రూములో అయితే ఇంత మర్యాద కూడా లేదు. "జబ్బుంటే దానికి ఒక పేరుండాల గదా" అని ఒకావిడ టీ ఊదుకుంటూ అంది. ఆ మాట కెరోలిన్‌కు మోకాలి నొప్పి కంటే లోతుగా దిగింది. క్లాసు పోతుందన్న భయం ఒక పక్క, తాను నాటకమాడుతున్నానేమో అని తనకే వస్తున్న అనుమానం ఇంకో పక్క. కానీ స్వతహాగా ఆమెకు కుతూహలం ఎక్కువ. ఎందుకు పాటల్లోనే? ప్రసంగంలో ఎందుకు కాదు? బజారంతా నడిచినా పడని మనిషి, అసెంబ్లీలో కదలకుండా నిలబడితే ఎందుకు పడుతుంది?

ఆ ప్రశ్నలు పట్టుకొని బ్రూస్‌పేటలోని డాక్టర్ సరోజినీదేవి దగ్గరికి వెళ్లింది. తోడు తండ్రి సత్యవేదం. ఆయన గుంతకల్లు లైనులో గార్డుగా చేసి రిటైరైన మనిషి. తల్లిదండ్రులు ఆ పేరు పెట్టడంలో తొందరపడ్డారని ఊరంతా అనుకుంటుంది. ఎందుకంటే గూడ్సు బండి వెనక్కి పోతుంటే పచ్చజెండాను అడ్డంగా పట్టి ఆపానని కూడా ఆయన చెప్పగలడు.

డాక్టరమ్మ పడుకోబెట్టి చూసింది. అంతా బాగుంది. "మీ ఇంట్లో ఇట్ల నొప్పులు, పడిపోయేది ఇంకెవరికన్నా ఉందామ్మా?" అని అడిగింది.

సత్యవేదం ముందుకు వంగి గొంతు సవరించుకున్నాడు. అది కథకు ముందు వచ్చే దగ్గు. కెరోలిన్ ఆయన బూటు తొక్కింది.

"లేదు మేడం, ఎవురికీ లేదు," అని తనే చెప్పేసింది.

తిరుగు ప్రయాణంలో ఆటోలో ఆయన ముఖం పక్కకు తిప్పుకొని కూర్చున్నాడు.

"నా బూటు ఎందుకు తొక్కితివి?"

"నువ్వు నోరు తెరిస్తే రైలు కదుల్తాది నాయనా. బయట పేషెంట్లు ఉండారు."

"మా అమ్మ సంగతి చెప్దామనుకుంటి."

"రూతమ్మ నాయనమ్మ చెయ్యి ఊరగాయ జాడీ మూతిలో దూరిన కథే గదా?"

"ఉత్తగా దూరిందంటావేంది? జాడీ అడుగున నిమ్మకాయను ఏరుకొని వచ్చేది! ఎముకలే లేవు మా ఆయమ్మకు. ఇంక పాట పాడితే అంతే, రెండు చరణాలు ఈ లోకంలో, మూడోది పరలోకంలో. దేవదూతల పక్కన నిలబడి పాడేసి, ఆమెన్ టైముకు దిగొచ్చేది."

కెరోలిన్ నిటారుగా కూర్చుంది. "ఎన్నో చరణమంటివి?"

"మూడోది. చానామంది చూసినారు. తర్వాత తర్వాత నిలబడేదే మానేసింది. మొక్కుకున్నానని చెప్పి చాప మీద కూర్చొనే పాడేది. కొంగున ఉప్పుగల్లు కట్టుకొచ్చేది, మధ్య మధ్యలో చప్పరించేది."

"ఉప్పా? ఏమిటికి?"

"పాస్టరు ప్రసంగం చప్పగుంటాదని!"

ఆటోవాలా పగలబడి నవ్వాడు. కెరోలిన్ నవ్వలేదు. ఈ కథ ఆమె చిన్నప్పటినుంచీ ముక్కలు ముక్కలుగా వింటున్నదే. అయినా నాయన కథల్లో నిజం వెతకాలని ఎవరికీ తోచలేదు.

"నాయనా, దేవదూతల్ని తీసెయ్. జాడీని తీసెయ్. ఏం మిగుల్తాది?"

కథకు కలపమని అడిగినవాళ్లే గాని, తీసెయ్యమన్నవాళ్లు సత్యవేదానికి ఇంతవరకు తగల్లేదు. ఆయన వేళ్ల మీద ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాడు.

"నొప్పులు మా," అన్నాడు చివరికి. "కాళ్లూ చేతులూ నొప్పులని మూల కూర్చొని ఏడ్చేది. ఎవురూ నమ్మల్యా. అది నేను కథలో పెట్టలేదు. నవ్వు రాదు గదా."

అంతలోనే, "బొటనేలు మాత్రం నిజంగానే వంచేది, ఇట్ల..." అని తన వేలితో చూపబోయి, "అబ్బా!" అని చెయ్యి దులుపుకున్నాడు.

కెరోలిన్ తన బొటనవేలిని వంచింది. అది అలవాటుగా వెళ్లి ముంజేతి మీద పడుకుంది. ఆటో సిగ్నల్ దగ్గర ఆగగానే ఆటోవాలా వైపు వంగింది.

"అప్పా, నీ బొటనేలు ఇట్ల వంచు చూద్దాం."

"ఏమిటికక్కా, విరిగిపోతాది!"

"అయితే బండి వెనక్కి తిప్పప్పా."

డాక్టరమ్మ ఈసారి మొత్తం విన్నది, దేవదూతలతో సహా. చిటికెన వేలిని వెనక్కి లాగి చూసింది, మోచేతులు చాపించింది, మోకాళ్లు వంచకుండా అరచేతులు నేలకు ఆనించమంది. అన్నీ మామూలు మనుషులకంటే ఎక్కువ వంగాయి. ఆ తర్వాత ఇంతవరకు ఎవరూ చేయని పని చేసింది. గోడకు దగ్గరగా నిలబెట్టి, కదలొద్దని చెప్పి, నాడి పట్టుకొని బీపీ కూడా చూసింది. బీపీ పడిపోలేదు. గుండె మాత్రం మెట్లెక్కుతున్నట్టు వేగం పెంచుకుంటూ పోయింది. కెరోలిన్ కళ్ల ముందు రంగులు వెలిసే వేళకు డాక్టరమ్మే గబుక్కున కుర్చీ తోసింది.

"నేనూ పడుకోబెట్టే చూసినా," అంది డాక్టరమ్మ, తనమీద తానే విసుక్కుంటూ. "కీళ్లను పట్టుకునే నారలు నీకు పుట్టుకతోనే వదులమ్మా, అందుకే నొప్పులు. నిలబడితే రక్తం కాళ్లలోనే నిలిచిపోతాంది. పైకి తోసేదానికి గుండె ఉరుకుతాది. అయినా చాలకపోతే పడిపోతావు. ఇంకొన్ని పరీక్షలు చేసి గట్టిగా చెప్తా. నీళ్లు బాగా తాగు. ఉప్పు ఎంత తింటావు?"

"మా అత్త బంద్ చేసింది మేడం."

డాక్టరమ్మ నుదురు కొట్టుకుంది. "నీ జబ్బుకు ఉప్పే మందు. మీ అత్తకు మాత్రం పెట్టొద్దు."

పరీక్షలయ్యాక రెండు పేర్లు వచ్చాయి. ఒకటి కీళ్లకు, ఒకటి గుండె పరుగుకు. రెండూ ఇంగ్లీషువే, రెండూ గూడ్సు బండంత పొడుగు. పూర్తిగా నయం చేసే మందు లేదని, కండలు గట్టిపడే వ్యాయామం, బిగుతు మేజోళ్లు, జాగ్రత్త ఉన్నాయని డాక్టరమ్మ చెప్పింది. కెరోలిన్ ఆ పేర్లను ఆటోలో దారంతా పలికి చూసుకుంది. హెడ్ మిస్ విని, "ఇంత పేరుంటే పెద్దదే" అని, జూన్‌లో నాలుగో తరగతితోపాటు ఒక ఎత్తు స్టూలు కూడా ఇచ్చింది.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలోనూ కెరోలిన్ స్టూలు మీద కూర్చొనే పాడింది. వెనక బెంచీలో సత్యవేదం అప్పుడే ఎవరికో చెబుతున్నాడు, కూతురి గుండె దడకు క్లినిక్ గోడ గడియారం ఆగిపోయిందని. రెండో చరణం చివర సౌభాగ్యమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి ఉప్పు వేసిన మజ్జిగ సీసా తీసి, ఎవరూ చూడకుండా కోడలి చేతిలో పెట్టింది.

మూడో చరణం వచ్చింది. అలవాటు కొద్దీ ఆల్విన్ చెయ్యి చాచాడు. చరణం అయిపోయింది. కెరోలిన్ కూర్చునే ఉంది. సంఘమంతా నాలుగో చరణం ఎత్తుకుంది. ఆమె నోరు తెరిచి, మళ్లీ మూసింది. ఇన్నేళ్లుగా పాడుతున్న పాటే, అయినా నాలుగో చరణం ఆమెకు రాదు.

"పుస్తకం ఇట్లియ్యి," అంది.