బీదర్ గోడ మీద చదివిన అబద్ధం

బేగంబజార్‌లో మాకు ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం ఉంది. మా మామగారి కాలం నాటిది. మధ్యాహ్నం పూట నేనే కూర్చుంటాను. వచ్చే గిరాకీలో సగంమందితో ఉర్దూలోనే బేరమాడతాను. పుట్టిందీ మెట్టిందీ పాతబస్తీలోనే కాబట్టి ఆ భాష నాకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. కానీ నలభై ఆరేళ్లు వచ్చేదాకా అందులో ఒక్క అక్షరం చదవడం రాలేదు. ఎవరైనా పెళ్లికార్డు చేతిలో పెట్టి వెళ్తే, ఏ రోజు పెళ్లో తెలుసుకోవడానికి పక్క దుకాణానికి పరిగెత్తేదాన్ని. ఆ సిగ్గుతోనే చదువు మొదలుపెట్టాను.

చార్మినార్ దగ్గర గాజుల దుకాణాల పైన ఒక గదిలో ఉండే రిటైరైన టీచరమ్మ నాకు గురువు. ఆపా, అంటే అక్కా అని పిలుస్తాను. ఆమె మాట్లాడేదంతా ఉర్దూలోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. వారానికి రెండు సాయంత్రాలు, రెండేళ్లపాటు, చిన్నపిల్లలా పలక మీద దిద్దించింది. ముప్పై ఏళ్లు బడిలో చరిత్ర చెప్పిన మనిషి. ఒకరోజు పాత పుస్తకం తెరిచి ఒక బొమ్మ చూపించింది. సగం కూలిన పెద్ద మదరసా, మిగిలింది ఒకే ఒక్క మినార్.

"అందరూ గోల్కొండ గోల్కొండ అంటారు. దానికంటే ముందు రాజధాని ఈ బీదరే. ముప్పై ఏళ్లు పిల్లలకు దీని గురించి చెప్పాను గానీ ఒక్కసారి పోలేదు. ఇప్పుడేమో మోకాళ్లు పోనివ్వవు. నువ్వు ఎప్పుడన్నా పోతే ఆ పైన రంగు పెంకుల మీద ఏం రాసి ఉందో చదివి నాకు చెప్పు బేటీ" అంది.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. అందుకే, మా బావగారు ఝరణీ నరసింహస్వామికి మొక్కుందని, అందరం బీదర్ వెళ్దామని అన్నప్పుడు అందరికంటే ముందు సరేనన్నది నేనే. కాగితం మీద మూడు పేర్లు రాసుకున్నాను. ఊరి బయట సుల్తానుల సమాధులు, కోటలో పదహారు స్తంభాల మసీదు, ఊళ్లో ఈ మదరసా. ఆ కాగితం బావగారికి చూపించాను. "అన్నీ చూద్దాం తియ్యమ్మా, దినమంత ఉంటం గదా" అన్నారు.

ఐదింటికి బయల్దేరాల్సిన బండి ఏడున్నరకు కదిలింది. మా తోటికోడలు పూలు మరిచిపోయిందని మళ్లీ వెనక్కి తిప్పారు. జహీరాబాద్‌లో టిఫిన్ అని దిగి గంటసేపు ఎక్కలేదు. గుడి దగ్గర వరుస ఎక్కడ మొదలైందో కూడా కనబడలేదు. గుహలో ఛాతీలోతు నీళ్లలో నడిచి స్వామిని చూసి, తడిబట్టలతో బయటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. స్వామి దర్శనం మీద నాకేం విసుగు లేదు. దాని తర్వాత జరిగిందాని మీదే.

బట్టలు మార్చుకోవడానికి ఒక గంట. భోజనానికి ఒక గంట. అది అయ్యాక, వెండి పొదిగే బిద్రీ పని చేసిన నల్లటి గిన్నెలు, గాజుల పెట్టెలు అమ్మే దుకాణంలో దూరారు. రోజంతా సామాన్ల మధ్య బతికేవాళ్లు ఊరుకాని ఊరొచ్చి మళ్లీ సామాన్లే చూస్తున్నారు. నేను గుమ్మంలో నిలబడి ఎండ ఎంత వాలిందో చూస్తూ ఉన్నాను.

"సమాధులకు ఇంక టైం లేదు" అన్నాడు మా ఆయన.

"పొద్దున అడిగిన గదా?"

"ఏం జూస్తవ్ ఆ రాళ్లల్ల? మన గోల్కొండ గూడ గిట్లనే ఉంటది."

"గోల్కొండకన్న ఎన్నడన్న తీస్కపోయినవా?"

ఆయన గిన్నెల వైపు తిరిగాడు. బావగారు మాత్రం, "లొల్లి ఎందుకమ్మా, కోట జూపిస్తం" అన్నారు.

కోటకు వెళ్లాం. గేటు దాటగానే ఓ గోడ నీడలో అందరూ చాప పరిచి కూర్చున్నారు. కాళ్లు నొప్పులన్నారు. ఫోటోలు తీసుకున్నారు. పదహారు స్తంభాల మసీదు ఎటువైపో కనుక్కుని నేనొక్కదాన్నే నడవబోతే, తోటికోడలు వెనక నుంచి పిలిచింది.

"ఏడికే? నువ్వు పోతే మళ్ల నిన్ను దేవులాడుకుంట మేం తిరగాలె. మదరసా జూస్తనంటివి గదా, అదన్న జూద్దాం పా."

ఏడుపొచ్చింది. అయినా ఆ ఒక్కటైనా దక్కుతుందని వెనక్కి తిరిగాను.

మదరసా దగ్గర దిగేసరికి వెలుగు పచ్చబడింది. సగం ముఖం కూలిపోయి ఉంది. మిగిలిన సగమూ, ఆ ఒక్క మినారూ అంతెత్తున నిలబడి ఉన్నాయి. నీలం, పసుపు, తెలుపు పెంకులు అక్కడక్కడా రాలిపోయి ఇటుక కనబడుతోంది. పైన పట్టీలా పెద్ద పెద్ద అక్షరాలు. కాసేపు పొద్దుటి నుంచి పడ్డ చిరాకంతా మరిచిపోయాను. తలెత్తి, కుడి నుంచి మొదలుపెట్టాను.

ఒక అలిఫ్. ఒక లామ్. ఆ రెండు అక్షరాల తర్వాత ఏమీ అర్థం కాలేదు. నేను నేర్చుకున్నది పేపర్లలో, దుకాణాల బోర్డుల మీద కనిపించే వాలు రాత. ఇక్కడ అక్షరం మీద అక్షరం ఎక్కి కూర్చుంది. ఏ చుక్క ఏ అక్షరానిదో తెలియడం లేదు. మళ్లీ మొదటి నుంచి చూశాను. మెడ పట్టేసింది. పది నిమిషాల్లో నాకు తెలిసిన ఒక్క మాట కూడా దొరకలేదు.

అప్పుడే బావగారు ఫోన్ పైకెత్తి దగ్గరకొచ్చారు. వీడియో తీస్తున్నారు.

"మా మరదలు రెండేండ్ల సంది ఉర్దూ సదువుతుంది. ఏం రాసిందో చెప్పమ్మా, గ్రూపుల పెడ్తా."

అందరూ నా చుట్టూ చేరారు. పొద్దున్నుంచి ఒక్కరూ నా మాట వినలేదు, ఇప్పుడు అందరూ వింటున్నారు. మా ఆయన ముఖంలో చిన్న నవ్వు కనిపించింది. రాదు అనాల్సింది. నోరు రాలేదు.

"సదువుకున్నోళ్లకు దేవుడు తోడుంటడని రాసుంది" అన్నాను.

"మస్తుంది!" అన్నారు బావగారు. మా ఆయన నవ్వు ఆపి, నావైపు కొత్తగా చూశాడు. ఇక చూసింది చాలన్నట్టు అందరూ బండెక్కారు. దారి పొడవునా కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. వాళ్ల మీద కోపమా, నా మీద కోపమా తెలియలేదు.

రెండు రోజుల తర్వాత ఆపా గదికి వెళ్లాను. తలుపు తీస్తూనే "చదివావా?" అని అడిగింది. ఆమెతో అబద్ధమాడలేకపోయాను. జరిగిందంతా చెప్పాను. చెబుతూ చెబుతూ గొంతు పెరిగింది.

"అది నేను నేర్చుకున్న రాత కాదు ఆపా. ముందే ఎందుకు చెప్పలేదు?"

"నాకేం తెలుసు? నేను చూసింది పుస్తకంలో అరచేతంత బొమ్మ. అక్షరాలు ఉన్నాయని తెలుసు, ఎలా ఉన్నాయో తెలియదు" అంది. "కానీ బేటీ, మదరసా ముఖం మీద అంత పెద్దగా రాశారంటే అది ఖురాన్ వాక్యమే అయ్యుంటుంది. నీ నోటికొచ్చింది దాని పేరు మీద చెప్పడం మంచిది కాదు" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

వీడియో తెరిచి చూశాం. పట్టీ ఉన్నచోట సగానికి బావగారి వేలు అడ్డం వచ్చింది. మిగిలిన దాన్ని ఆమె భూతద్దం పెట్టి అరగంట చూసింది. చివరికి "అల్లాహ్" అన్న మాట ఒక్కటి వేలితో చూపించి, మిగిలింది తనకూ రాదని ఒప్పుకుంది. ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి గ్రూపులో రాశాను. "ఆ రోజు నేను చెప్పింది తప్పు. అది నాకు చదవరాలేదు. ఎవరికీ పంపకండి." రాయడానికి ఎంతసేపు పట్టిందో. ఎవరో ఒక బొటనవేలి గుర్తు పెట్టారు. మరుసటి పొద్దున బావగారు ఎప్పటిలాగే గులాబీ పువ్వుతో శుభోదయం పంపారు. నా మాట దాని పైకి, ఇంకా పైకి వెళ్లిపోయింది. ఆ వీడియో మాత్రం ఎక్కడెక్కడికో పోయింది. మొన్న చాంద్రాయణగుట్టలో ఒక పేరంటానికి వెళ్తే, ముఖం కూడా ఎరగని ఆవిడ ఒకరు, "నువ్వే గదా అక్కా, బీదర్ల రాతలు సదివింది?" అని చేయి పట్టుకున్నారు.

"చదవలేదు" అన్నాను.

"వీడియోల చూసిన గదా" అని నవ్వి, పసుపు రాసి వెళ్లిపోయారు.

ఒక్కదాన్నే బస్సులో మళ్లీ వెళ్లొస్తానని ఇంట్లో మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఏదో ఒక పని అడ్డం పడింది. ఖురాన్ భాష అరబ్బీ కదా అని, ఆపా మాత్రం ఎవరినో అడిగి దాని మొదటి వాచకం తెప్పించింది. ఇద్దరం కలిసే మొదలుపెట్టాం. ఆమెకు నాకంటే తొందరగా వస్తోంది. నేను నాలుగో పాఠం దగ్గర పదిహేను రోజులుగా ఆగిపోయాను.