పొడి మూట

కూతురు పుట్టిన ఇరవై రెండో రోజున ఆమె చేత తడి మూటలు ఎత్తించారు. ఎత్తించింది లాండ్రీ మేస్త్రీ. ఆసుపత్రుల దుప్పట్లు, లాడ్జీల తువ్వాళ్ళు ఉతికే పెద్ద లాండ్రీ అది. "ఇంకో పది రోజులు మడత బల్ల దగ్గరే ఉంటానండీ" అని ఆమె అడిగితే ఆయన నవ్వాడు.

"కడుపు తేలికైందిగా తల్లీ, ఇంక నీకు బరువేమిటి? బాలింతవని బట్టలు ఆగవు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పై వాడి హాస్యానికి నవ్వడం జీతంలోనే కలిసి ఉంటుంది, విడిగా చెప్పరు. తర్వాత వంగి, మిషన్లోంచి తీసిన దుప్పట్ల మూట రొమ్ముకి ఆనించుకుని లేచింది.

లోపల జారింది ఆ రోజేనని ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. కాన్పులు, బరువులు, మలబద్ధకం, పైబడే వయసు అన్నీ కలిసి లోపలి కండరాలను వదులు చేస్తాయంటారు. ఆమె మాత్రం ఆ ఒక్క రోజునే గుర్తుపెట్టుకుంది.

మడత పెట్టడంలో ఆమె చెయ్యి పడితే అంచుకి అంచు వెంట్రుక వాసి తేడా రాదు. అందుకే లాండ్రీలో అందరూ ఆమెను మడతమ్మ అనేవారు. ఆ మడతమ్మకి నలభై దాటాక సాయంత్రమయ్యేసరికి పొత్తికడుపు కిందికి లాగేది. స్నానానికి కూర్చుంటే చేతికి మెత్తగా ఏదో తగిలేది. మూత్రం రావాలంటే వేలితో దాన్ని లోపలికి నెట్టుకోవలసి వచ్చేది. దానికి ఆమె పేరు పెట్టలేదు. పేరు పెడితే పిలిచినట్టవుతుందని భయం. లోపల పాత గుడ్డ బిగించి కట్టుకుని ఆరేళ్ళు లాక్కొచ్చింది.

బయటపెట్టింది తోడికోడలు. ఆమెదీ అదే లాండ్రీ, అదే బల్ల.

"ఏమే, గుడ్లు పొదిగే కోడిలా అలా కూర్చున్నావేం?"

"నిజంగా గుడ్డే అక్కా. కాకపోతే పెట్టడం అవడం లేదు, మింగడం అవడం లేదు."

తోడికోడలు నవ్వబోయి ఆగింది. "ఎన్నాళ్ళనుంచి?"

"పిల్ల పదో క్లాసు చదివేటప్పట్నుంచి."

"పిల్ల ఇప్పుడు ఉద్యోగం చేస్తోందే, మొద్దూ!" అని మర్నాడే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ చూసి, గర్భసంచి జారిందనీ, దాంతోపాటు మూత్రసంచి ముందుకు తోసుకొచ్చిందనీ చెప్పింది. ముందు కండరాలు బిగించి వదిలే వ్యాయామం నేర్పింది. జారకుండా పట్టి ఉంచేందుకు లోపల ఒక రబ్బరు రింగు పెట్టింది. ఆ రింగు నాలుగో వారంలో, తడి మూట ఎత్తుతుండగా, మిషన్ల మధ్య నేల మీద పడింది. ఎవరూ చూడకముందే మడతమ్మ దాన్ని కాలితో తొక్కి, కుచ్చిళ్ళు సర్దుకునే మిషతో వంగి తీసుకుంది. ఆపరేషన్‌కి ఒప్పుకున్నది ఆ సాయంత్రమే.

"గర్భసంచి కిందినుంచే తీసేస్తాం. వదులైన గోడ కుట్టి బిగిస్తాం. పొట్ట కొయ్యం" అంది డాక్టరమ్మ.

"మళ్ళీ జారదు కదండీ?"

"కొందరికి జారుతుంది. జారదని మాటివ్వలేను."

ఆ జవాబు మడతమ్మకి నచ్చింది. ఏ మరకైనా పోతుందని హామీ ఇచ్చేవాణ్ణి లాండ్రీలో ఎవరూ నమ్మరు.

ఆపరేషన్ రోజు వెన్నులో సూది వేశారు. నడుము కింద ఉన్నదంతా పరాయివాళ్ళదైపోయింది. తల పక్కకి తిప్పి చూస్తే బల్ల మీద మడతపెట్టిన దుప్పటి. "అది నా మడతే" అంది మత్తు డాక్టరుతో. మత్తు ఎక్కువైందేమోనని ఆయన కంగారుగా ఆమె కళ్ళలోకి చూశాడు.

మెలకువ ఉన్నా నొప్పి తెలియలేదు. నొప్పి తర్వాత వచ్చింది, మాత్రలకి లొంగే నొప్పే. మర్నాడు నర్సు లోపల కుక్కిన గాజుగుడ్డ లాగుతుంటే మిషన్లో మెలిపడిన దుప్పటిలా వస్తూనే ఉంది. తర్వాత మూత్రం గొట్టం తీసింది. సొంతంగా మూత్రం పోసుకున్నాకే ఇంటికి పంపుతామంది. వేలి సాయం లేకుండా అదే వచ్చేసరికి మడతమ్మ తలుపు గడియ వేసుకుని కాసేపు అక్కడే కూర్చుంది.

మూడో రోజు ఇంటికి పంపుతూ నర్సు, మడతమ్మతోపాటు ఆమె మొగుడికి కూడా చెప్పింది. కొన్ని వారాలు కొంచెం కొంచెం రక్తం, తెల్లబట్ట అవుతాయి. కుట్లు వాటంతటవే కరుగుతాయి. జ్వరం వచ్చినా, రక్తం ధారగా పోయినా, చెడు వాసన వచ్చినా వెంటనే రావాలి. ముక్కి విరేచనానికి పోకూడదు. "ఆరు వారాలు ఎడంగా పడుకోండి" అన్నప్పుడు ఆయన పైనున్న ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టాడు. కాగితం మీద చివరి మాట: మూడు నెలలు బరువులు ఎత్తరాదు.

ఆరు వారాల తర్వాత డాక్టరమ్మ చూసి, కుట్టు బాగుంది, కూర్చుని చేసే పనికి వెళ్ళొచ్చంది. మడతమ్మ ఆ కాగితం ఆ పాత మేస్త్రీకే ఇచ్చింది.

"బరువులు వద్దన్నారు, అంతేగా? తడి జోలికి వెళ్ళకు. పొడి మూటలు బండిలో పెట్టు చాలు."

అందులో ఆమెకి తప్పేమీ కనపడలేదు. ఆ లాండ్రీలో బరువు అంటే తడి. లోపలికొచ్చే మాసిన బట్టలని తూస్తారు, తడివి ఇద్దరు పట్టి ఎత్తుతారు. ఉతికి ఆరినవాటిని లెక్కపెడతారంతే, మూటకి ఇరవై దుప్పట్లు. పాతికేళ్ళుగా పొడి మూటని బరువన్నవాళ్ళు లేరు. వారం రోజులు ఆమె పొడి మూటలు ఎత్తింది. ఎనిమిదో రోజు, ఆగిపోయిన ఎర్రటి మరక మళ్ళీ కనపడింది.

ఆసుపత్రికి పోయేదాకా తొడలు దగ్గరగా నొక్కిపట్టే ఉంది. ఆరేళ్ళు దాచి బాగుచేయించుకున్నది ఒక్క వారంలో పాడుచేసుకున్నానా అన్నదే ఆలోచన.

"ఏం బరువెత్తావ్?" అంది నర్సు.

"బరువేం ఎత్తలేదమ్మా. పొడి మూటలే."

"పొడి మూటంటే ఎన్ని కిలోలు?"

"ఇరవై దుప్పట్లు" అంది.

"నేనడిగింది కిలోలు."

డాక్టరమ్మ పరీక్షించింది. పైపొరలో ఒక చిన్నచోట రాసుకుపోయి రక్తం వచ్చిందనీ, లోపలి కుట్టు నిలిచిందనీ చెప్పింది. నిండు నీళ్ళ కెటిల్‌కి మించి ఏదీ ఎత్తొద్దని ఇంకో ఆరు వారాలు రాసింది.

మడతమ్మ ఇంటికి పోకుండా లాండ్రీకి వెళ్ళింది. తోడికోడలి చేత ఒక పొడి మూట గేటు దగ్గరి కాటా మీద పెట్టించింది. పద్నాలుగు కిలోలు. సుద్దముక్క తీసుకుని బండి పక్కన పెద్దగా 14 అని రాసి ఇంటికి వెళ్ళిపోయింది. మేస్త్రీ చెరిపించాడు. తోడికోడలు మళ్ళీ రాసింది. అలా నాలుగుసార్లయ్యాక మూటకి ఐదు దుప్పట్లే కట్టడం మొదలైంది. ఆ మార్పు తన ఆలోచనేనని మేస్త్రీ యజమానికి చెప్పుకున్నాడు. చెప్పుకోనీ. కుట్టు నిలిచింది.

ఏడాది పరీక్షకి వెళ్ళినప్పుడు ఆసుపత్రి బెంచీ మీద మేస్త్రీ కనపడ్డాడు. పొట్ట గోడలోంచి పేగు జారితే కుట్టించుకున్నాడు, హెర్నియా. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, నెల రోజులు ఏమీ ఎత్తొద్దన్నారని గోలపెట్టాడు.

"అక్కడ నేను లేకపోతే ఎలా మడతమ్మా? బట్టలు ఆగుతాయా?"

ఆమె ఆయన పక్కన, కాస్త ఎడంగా కూర్చుంది.

"ఆగుతాయి మేస్త్రీ గారూ. నా కుట్టు మానేదాకా ఆగడం నేను చూశాగా."