కన్నడం రాని మునిరత్నమ్మ అత్త

ముగ్గురు మహావీరులను ఒక కోట వాకిట్లో గంటన్నరసేపు ఎండబెట్టి, దాంతోపాటు నా భవిష్యత్తును కూడా ఎండబెట్టుకున్న ఘనత నాది. ఆ వినాశనం గురించే చెప్పబోతున్నాను. పాప ఇప్పుడే నిద్రపోయింది, లేచేలోపు ముగించాలి. చదువుతూ మీరు జాలిపడకండి. ఆ రోజుల్లోని నాకు జాలి దండగ.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ పూర్తిచేసి, తమిళనాడు కర్ణాటక సరిహద్దులోని మా హోసూరులో ఇంట్లో కూర్చున్నాను. ఉద్యోగం చూసుకోమని నాన్న అంటే, "నేను ఒక ఆట తయారుచేస్తున్నాను" అని మౌనవ్రతం పట్టిన స్వామివారిలా మొహం పెట్టేదాన్ని.

అది బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు వీరుడో, మంత్రగత్తో, ఏదో ఒక పాత్ర ఎత్తుకుని "నేనిప్పుడు ఇది చేస్తాను" అంటారు. అవుతుందో కాదో పాచికలు తేలుస్తాయి. ఇలాంటి ఆటల్లో పాత్రలకు మామూలు బలాలతో పాటు, ఇష్టముంటే ఏరుకునే అదనపు విద్యలు కొన్ని ఉంటాయి. నిప్పుమీద నడవడం, దెయ్యాలతో స్నేహం, అలాంటివి. బుద్ధి ఉన్నవాళ్ళు పదో పదిహేనో రాస్తారు. నేను నూట నలభై రాశాను. ఒక్కొక్కరు వాటిలో మూడే ఏరుకోవాలి.

ఇరవై దాటేసరికి నా బుర్రలో అద్భుతాలు అయిపోయాయి. ఇక మామూలు పనులకే పట్టు బట్టలు కట్టడం మొదలుపెట్టాను. యాభై రెండో విద్య: పరభాషా సంభాషణ. అరవై నాలుగు: సైగలతో భావప్రకటన. డెబ్భై ఒకటి: గౌరవప్రదమైన వెనుకంజ. అంటే వచ్చిన దారినే ఇంటికి పోవడం. ఒక పనిని విద్య అని జాబితాలోకి ఎక్కిస్తే, దాన్ని ఏరుకోనివాళ్ళకు ఆ పని చేతకాదని శాసనం వేసినట్టే. ఈ చిన్న సంగతి నా పెద్ద తలకాయకు తట్టలేదు.

ఆ యాభై రెండో దాన్ని దయచేసి ఇంకోసారి చదవండి. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, బస్సు కండక్టరుతో కన్నడం మాట్లాడుతూ పెరిగిన హోసూరు పిల్ల, రెండో భాష మాట్లాడడం వీరాధివీరులకే దక్కే వరమని రాసింది! మా వీధి మలుపులో ఇడ్లీలు అమ్మే ఆవిడ ఒక్క ఇడ్లీ పళ్ళెంలో పడేలోపు మూడు భాషల్లో తిట్టగలదు. ఆ లెక్కన ఆవిడ మహారాణి అయి ఉండాలి.

ఇంతలో బెంగళూరులో ఆటలు అచ్చువేసి అమ్మే ఒక సారు, ఎవరో చెప్పగా విని, ఆదివారం వచ్చి చూస్తానన్నారు. నచ్చితే పెట్టెల్లో పెట్టి నా పేరుతో అమ్ముతారట. నచ్చకపోతే సోమవారం నుంచి నాన్న మాట్లాడిపెట్టిన ఫ్యాక్టరీ ఆఫీసులో డేటా ఎంట్రీకి పోవాలి. ఇదీ ఒప్పందం.

కథ నడిపేది నేనే. ఆడడానికి ముగ్గురు కావాలి. కాలేజీ స్నేహితురాలు సుజాత వచ్చింది. మా మేనత్త కొడుకు గిరి వచ్చాడు. మూడో మనిషికి జ్వరం. అప్పుడే దగ్గర్లోని బేరిగై అనే ఊరి నుంచి గులాబీలు తెచ్చి మార్కెట్టులో అమ్మేసి, కాఫీ తాగిపోదామని గిరి వాళ్ళమ్మ, మునిరత్నమ్మ అత్త, మా ఇంటికొచ్చింది. చేతిలో గ్లాసు అలాగే ఉండగా కూర్చోబెట్టేశాను.

"అత్తా, ఈ నూట నలభైలో మూడు ఏరుకో."

"ఇన్ని రాసుండావు రమ్యా, మూడే ఇచ్చేదానికి చేతులు వచ్చినాయా? సరే, నిప్పు తొక్కేది ఒకటి ఇయ్యి. అది నాకు అలవాటే."

గిరి మండే కత్తి తీసుకున్నాడు. సుజాత దెయ్యాలను తీసుకుంది. యాభై రెండో విద్యను మాత్రం ఎవరూ ముట్టలేదు. హోసూరులో ఎవరు ముడతారు?

వీరులు నాగరాక్షసి కోట చేరారు. వాకిట్లో కాపలావాడు. సారు బెంగళూరువారు కదా, మెప్పిద్దామని ఆ కాపలావాడి పరాయి భాషను కన్నడం చేశాను. గొంతు బొంగురుచేసి, "యారు నీవు? ఎల్లింద బందిరి?" అని గర్జించాను.

అత్త రెప్ప కూడా వేయలేదు. "బేరిగైయింద బందివి. బాగిలు తెగీరి," అంది. బేరిగై నుంచి వచ్చాం, తలుపు తీయండి అని.

సారు పకపకా నవ్వి చప్పట్లు కొట్టారు. అక్కడ నోరుమూసుకుని ఆ తలుపు తీసి ఉంటే, ఈపాటికి నా పేరు పెట్టెల మీద ఉండేది. నేను ట్రాఫిక్ పోలీసులా చెయ్యి అడ్డం పెట్టాను.

"అత్తా, నువ్వట్ల చెప్పకూడదు. వాడు అడిగింది నీకు అర్థం కాలేదు."

"ఏంటికి కాలేదు? యాడనుంచి వచ్చినారని అడిగినాడు. చెప్పినాను."

"నీకు కాదత్తా, నీ పాత్రకు. నువ్వు యాభై రెండో విద్య తీసుకోలేదు."

"ముప్పై ఏళ్ళుగా మార్కెట్టులో ఇటుపక్క అరవంలో, అటుపక్క కన్నడంలో బేరం చేస్తుండాను. నాకు కన్నడం రాదా? నాకా?"

"ఆటలో రాదు."

అత్త సారు వైపు తిరిగి, కన్నడంలోనే, "పిల్ల బాగానే చదివింది. ఎక్కడ తేడా వచ్చిందో తెలియడం లేదు," అని నిట్టూర్చింది.

గిరి కల్పించుకున్నాడు. "వదినా, నేను సైగ చేస్తాను."

"అరవై నాలుగు ఉందా?"

"లేదు. చేతులుండాయి."

"ఉన్నా సైగకు పనికిరావు."

"అయితే కత్తి దూస్తాను."

"గుమ్మం ముందు కత్తి దూయాలంటే ఎనభై మూడు కావాలి."

"పీడాపోయె, వెనక్కి పోదాం రండి," అంది సుజాత.

"డెబ్భై ఒకటి," అన్నాను.

"ముందుకు పోకూడదు, వెనక్కి పోకూడదు, మాట్లాడకూడదు," అని అత్త వేళ్ళు మడిచింది. "ఈడ కూర్చోవచ్చునా, దానికీ ఏదన్నా రాసిపెట్టినావా తల్లీ?"

నేను జాబితా తిరగేశాను. వెటకారమని తెలియక, నిజంగానే తిరగేశాను.

గంటన్నర తరవాత సారు మూడో కాఫీ గ్లాసు కింద పెట్టారు. "మొదటి అయిదు నిమిషాలూ చాలా బాగుందమ్మా," అన్నారు మర్యాదగా. "ఆవిడ ఆడినంతసేపు. తరవాత మీరు అడ్డం వచ్చారు."

గడప దాటుతూ, బస్టాండుకు ఎటు పోవాలని అత్తను కన్నడంలో అడిగారు. అత్త రెండు చేతులూ జోడించింది.

"మీరేమి అడుగుతుండారో నాకు అర్థం కాలేదు సారూ. రమ్యను అడగండి. ఆ విద్య ఆమె దగ్గరే ఉండాది."

సోమవారం నుంచి డేటా ఎంట్రీ. ఇప్పటికీ అదే.

బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? మా పాప చిన్నికి రెండున్నరేళ్ళు. అది తుమ్మితే నాకు చెమటలు. పోయిన వారం ఆఫీసు పనిమీద కృష్ణగిరి పోవలసివచ్చి, దాన్ని బేరిగైలో అత్త దగ్గర వదిలాను. వదులుతూ నాలుగు పేజీలు చేతిలో పెట్టాను: "చిన్ని చేయగలిగినవి." గోడ పట్టుకుని మెట్లు దిగగలదు, మెత్తగా నలిపితే అన్నం తినగలదు, ఇలా వరసగా, నంబర్లు వేసి.

మధ్యాహ్నం ఫోను మోగింది. మొదటి మోతకే ఎత్తాను.

"రమ్యా, నీ బిడ్డ గోడ పట్టుకోకుండానే మెట్లు దిగేసింది," అంది అత్త. "నీ కాగితంలో అట్ల లేదే. మళ్ళీ పైకి ఎక్కించి, నీకు ఇది రాదని చెప్పమంటావా?"

కాబట్టి, మునిరత్నమ్మ అత్త సాక్షిగా, ఎండలో నిలబడ్డ ఆ ముగ్గురు వీరుల సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఎవరికి ఏది వస్తుందో, ఏది రాదో ఇకమీద నేను కాగితం మీద రాయను. నా మట్టుకు మాత్రం నూట నలభై ఒకటో విద్య ఒకటి రాసుకున్నాను: తలుపు తీసి పక్కకు తప్పుకోవడం. ఇది ఇష్టముంటే ఏరుకునేది కాదు. ఈ పాత్రకు తప్పనిసరి.