పళ్లెం దిగమన్నది నేనే

మొన్న ఉప్పల్ చౌరస్తాలో ఆటో ఆగినప్పుడు ఎదురుగా కట్టిన ఫ్లెక్సీ చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ‘నృత్య రూపకం’ అని ఒక మూల చీమ తలకాయంత అక్షరాలు, మిగిలిన జాగా అంతా చేతులు జోడించిన నాయకుల ముఖాలు. ఆడబోయేవాళ్ల ముఖం ఒక్కటీ లేదు, పేరైనా లేదు. ఇంటికొచ్చి మేనకోడలికి చెబితే నవ్వి ఊరుకుంది. ఇందులో నవ్వడానికేముంది? నా ఈడువాళ్లకైనా నా కోపం అర్థమవుతుందేమోనని ఇది రాస్తున్నాను.

మనం వాటిని ‘బ్యాలే’ అనేవాళ్లం, గుర్తుందా? గోడల మీద అంటించిన వాల్‌పోస్టర్లలోనూ ఆ మాటే ఉండేది. అసలు బ్యాలే అంటే మునివేళ్ల మీద గిర్రున తిరిగే దొరసానుల నాట్యమని నాకు టీవీ వచ్చాకగాని తెలియలేదు, తెలిశాక కూడా నేను మాట మార్చుకోలేదు. కోస్తా నుంచి లారీలో తెరలూ ట్రంకుపెట్టెలూ వేసుకుని వచ్చే ఆ కంపెనీలు ఉప్పల్లో ఒకరోజు, కాప్రాలో ఒకరోజు, జాతరకు కీసర గుట్ట కింద రెండు రోజులు ఆడేవి. నేను ఫ్యాక్టరీలో టైపిస్టు పని ముగించుకుని, టిఫిన్ డబ్బా చేతిలో ఉండగానే బస్సెక్కి వాటి వెంట తిరిగేదాన్ని, ఇంటికొచ్చి అమ్మతో తిట్లు తినేదాన్ని. ఒక కంపెనీవాళ్లకు నీలం దీపాల మీద మోజు, ఆ వెలుతురులో కాళ్లు కనిపించక నాకు చిరాకెత్తేది. ఇంకొక దానిలో యాభై దాటిన మగమనిషి నాయిక వేషం కట్టి, తెర మీదుగా జడ ముందుకు వేస్తే ఆడవాళ్లమే సిగ్గుపడాల్సి వచ్చేది.

వాటన్నిటిలోకీ నా ప్రాణం మాత్రం ఒక్క కంపెనీ మీదే ఉండేది. దాని ప్రధాన నర్తకి నాకంటే పదేళ్లు పెద్దదేమో, నీళ్లు నిండిన చెంబు తల మీద పెట్టుకుని, ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, మృదంగం ఎటు పిలిస్తే అటు ఆ పళ్లెంతో సహా జరిగేది. ఎన్నిసార్లు చూశానో, చెంబులోంచి చుక్క నీరు తొణకడం చూడలేదు. నేను ప్రతిచోటా ముందు వరుసలో కూర్చోవడం చూసి చూసి ఆమె నన్ను గుర్తుపట్టింది, మాది నాచారమని తెలిసి ‘నాచారం అమ్మాయి’ అని పలకరించేది.

అప్పట్లో మా అన్న నాచారంలో ఉత్సవాల కమిటీకి కార్యదర్శి. ఏడాదిపాటు వాడి ప్రాణం తీసి, ఆ కంపెనీని మా బడి మైదానానికి పిలిపించాను. ఆ సాయంత్రం నా అంత గర్వంగా ఊళ్లో ఎవరూ లేరు. ఆమె పళ్లెం ఎక్కింది, చెంబు తలకెత్తుకుంది, ఆట సగానికి వచ్చింది. అప్పుడు దిగబడ్డాడు ముఖ్య అతిథి, రెండు గంటలు ఆలస్యంగా, జీపు హారను మోగించుకుంటూ. మైకు ముందున్నాయన పాట ఆపించి పెద్దలను వేదిక మీదికి ఆహ్వానించడం మొదలుపెట్టాడు. ఆడలేక మద్దెల ఓడు అంటారు; ఆడగలిగినవాళ్ల మద్దెల నోరు నొక్కేవాళ్లకు మాత్రం మనవాళ్లు సామెత కట్టలేదు.

ఆమె దిగలేదు. చెంబు తల మీద అలాగే ఉంది, రెండు చేతులూ నడుము మీద ఉన్నాయి, చూపు ఎదురుగా ఉంది. మృదంగం ఆయన ఒక్క వేలితో, మాకు వినీ వినపడకుండా, తాళం తప్పనివ్వకుండా చూస్తున్నాడు. ఒక్క అయిదు నిమిషాలు ఆ పెద్దమనిషి కింద కుర్చీలో కూర్చుంటే అరిగిపోతాడా? అన్న పరుగున నా దగ్గరికి వచ్చాడు.

“చెల్లె, నువ్ పోయి జర దిగుమని చెప్పు. ఆడిమనిషివి, నీ మాట ఇంటది. పెద్దసారు నిలబడ్డడు, ఇజ్జత్ పోతది!”

ఎవరి ఇజ్జత్ అని నేను అడగలేదు. అందరూ నన్నే చూస్తున్నారు, అన్న ముఖం చెమటతో తడిసి ఉంది. మెట్లెక్కి వెళ్లి, ఆమె పక్కన నిలబడి, “అమ్మా, కొంచెం దిగండి” అన్నాను. ఆమె కళ్లు మాత్రం నా వైపు తిప్పింది. తరువాత చెంబు దించి, పళ్లెం దిగి, లోపలికి వెళ్లిపోయింది. దండలు, శాలువలు, ఉపన్యాసాలు అయిపోయేసరికి జనం సగం లేచిపోయారు. ఆట మళ్లీ మొదలవలేదు.

క్షమాపణ చెప్పుకుందామని తెర వెనక్కి వెళ్లాను. ఆమె గజ్జెలు విప్పుకుంటోంది. కోపంగా కూడా లేదు, అదే నాకు ఎక్కువ బాధ.

“మీ అన్నగారు వచ్చి అడిగినా, ఆ పెద్దాయనే వచ్చినా దిగేదాన్ని కాదమ్మా. చాలా ఊళ్లలో దిగలేదు. ఆట తెలిసినదానివి నువ్వు వచ్చి దిగమన్నావు, ఇంక ఎవరికోసం నిలబడను?” అంది.

ఆ కంపెనీ మళ్లీ మావైపు రాలేదు. అన్నతో ఆరు నెలలు మాట్లాడలేదు, అదేదో వాడొక్కడి తప్పయినట్టు. ఇప్పుడు ఈ గొడవలేమీ లేవు. అతిథి ఎప్పుడొస్తాడో తెలియదు కాబట్టి పాటలన్నీ పెన్‌డ్రైవులో పెట్టుకుని వస్తున్నారు, ఆపమంటే ఆపుతారు, పెట్టమంటే పెడతారు, పిల్లలు ఆ మధ్యలో వేదిక మీదే చతికిలబడి ఫోన్లు చూసుకుంటారు. ఎవరికీ కష్టం కలగడం లేదు, ఎవరికీ సిగ్గు కలగడమూ లేదు. ఆ నాయకుల మీద, కమిటీల మీద నాకు ఇప్పటికీ కడుపు మండుతూనే ఉంది. కానీ వాళ్లంతా కలిసినా ఆమెను ఒక్క అంగుళం కదిలించలేకపోయారు. ఆ రోజు నేను నా కుర్చీలోనే కూర్చుని ఉంటే, ఆమె తన ఆట పూర్తి చేసేది.